అమ్మ గదికి మళ్ళీ సున్నం

డిసెంబరు నెల మొదటి వారం వచ్చిందంటే మన పల్లెల్లో క్రైస్తవుల ఇళ్ళన్నీ సున్నం వాసన వేసేవి. మంచాలు వాకిట్లోకి, ట్రంకు పెట్టెలు వసారాలోకి వచ్చేవి. పిల్లల జుట్టు మీద, కుక్కపిల్ల వీపు మీద కూడా తెల్లటి చుక్కలు పడేవి. మీలో నలభై ఏళ్ళు దాటిన వారికి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది.

ఆ అలవాటును మేము ఒక సంవత్సరం మానుకున్నాం. దానివలన మా అమ్మ ఎంత ఇబ్బంది పడిందో, తర్వాత ఆమె పడక గదిని ఎలా బాగుచేసుకున్నామో మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. పాత ఇల్లు, అందులో పెద్దవయసు తల్లిదండ్రులు ఉన్న కుటుంబాలకు ఇది ఉపయోగపడితే సంతోషిస్తాం.

మాది కృష్ణా జిల్లా దివిసీమలో ఒక పల్లె. మేము ముగ్గురం తోబుట్టువులం. ఉద్యోగాల కోసం ముగ్గురం పట్నాలు చేరాం. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. అది 1956లో తాతగారు కట్టించిన డాబా ఇల్లు. గోడల మందం పద్దెనిమిది అంగుళాలు. ఎద్దులతో గానుగ తిప్పించి రుబ్బిన సున్నంతో ఇటుక పేర్చారు. పైన టేకు దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద ఇటుక పరచి సున్నంతో గచ్చు చేశారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో డాబాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

వీధి వైపు ఉన్నది అమ్మానాన్నల పడక గది. చిన్నప్పుడు రాత్రి ప్రార్థనకు అందరం కూర్చున్నది ఆ గదిలోనే. 2014లో నాన్నగారు కన్నుమూసిందీ అక్కడే.

ఆ గది గోడ మీద ఒక గీత ఉండేది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు గదిలోకి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూపే గీత అది. నేల నుంచి నాలుగు అడుగుల రెండు అంగుళాలు. ఆ రాత్రి చుట్టుపక్కల గుడిసెల వారు ఎందరో మా డాబా ఎక్కి ప్రాణం దక్కించుకున్నారు. ఎక్కలేకపోయిన వారూ ఉన్నారు. దివిసీమలో ఆ ఉప్పెనకు వేలాది మంది బలైపోయారు.

ప్రతి డిసెంబరులో సున్నం వేయగానే ఆ గీత తెలుపు కింద కలిసిపోయేది. మరునాడే నాన్నగారు టేపు పెట్టి కొలిచి, వడ్రంగి పెన్సిలుతో మళ్ళీ గీసి, పక్కన 19-11-77 అని రాసేవారు. ఆయన పోయిన తర్వాత అమ్మ గీసేది. ఎందుకని మేమెన్నడూ అడగలేదు. జ్ఞాపకం కోసమే అనుకున్నాం.

మేము చేసిన పొరపాటు

2019లో ముగ్గురం ఫోన్లలో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. ఈ వయసులో అమ్మకు ఏటేటా ఈ సున్నాల గొడవ ఎందుకు? ఒక్కసారి మంచి రంగులు వేయిస్తే ఎనిమిదేళ్ళు తిరిగి చూడనక్కరలేదని దుకాణంలో చెప్పారు. అమ్మను ఇరవై రోజులు మాలో పెద్దామె ఇంటికి తీసుకుపోయి, ఆమెకు చెప్పకుండా పని మొదలుపెట్టించాం. క్రిస్మస్‌కు వచ్చి చూసి సంతోషపడుతుందనుకున్నాం.

గోడ అడుగున అప్పటికే కొంచెం చెమ్మ ఉంది, సున్నం పొడిలా రాలుతోంది. దాన్ని చెక్కించి, నాలుగడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత వేయించాం. గోడంతా పుట్టీ పట్టించి, పైన మీగడ రంగు ప్లాస్టిక్ పెయింటు వేయించాం. పిచ్చుకలు గూడు పెడుతున్నాయని పైనున్న గవాక్షాన్ని ఇటుకలతో మూయించాం. కొత్త ఇనప బీరువా కొని కిటికీకి అడ్డంగా, గోడకు ఆనించి పెట్టించాం.

అమ్మ వచ్చి చూసింది. "బాగుంది నాయనా" అన్నది. ఆమె కళ్ళు ఒక్క క్షణం గీత ఉండిన చోట ఆగాయి. మేము చూశాం గాని, చూడనట్టే ఊరుకున్నాం.

2020 వానలకు రంగు మీద బుడగలు లేచాయి. 2021కి అప్పడాల్లా ఊడి పడసాగింది. చెమ్మ తగ్గకపోగా సిమెంటు పూతను దాటి అయిదడుగులకు ఎక్కింది. బీరువా వెనక గోడ నల్లగా బూజు పట్టింది. అమ్మకు రాత్రిళ్ళు దగ్గు, ఆపైన ఆయాసం మొదలయ్యాయి. 2022 సెప్టెంబరులో ఊపిరి అందక ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచవలసి వచ్చింది.

మందులు రాసిన డాక్టరుగారు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది: "అమ్మగారు పడుకునే గది ఎలా ఉంటుంది?" మేము చెప్పినదంతా విని, "ఈ జబ్బు చెమ్మ వలననే వచ్చిందని నేను చెప్పలేను. కాని చెమ్మ, బూజు ఉన్న గదిలో పడుకుంటే ఆయాసం ఉన్నవారికి అది ముదురుతుంది. ముందు ఆ గోడ సంగతి చూడండి" అన్నారు. చెమ్మకూ బూజుకూ ఉబ్బసంతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఒక మార్గదర్శకంలో చెప్పిందని ఆ తర్వాత తెలుసుకున్నాం.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మాకు మాటామాటా పెరిగింది. ఇల్లు పడగొట్టి రెండు గదుల స్లాబు వేద్దామని మాలో చిన్నవాడు అన్నాడు. ఇల్లు అమ్మేసి అమ్మను పట్నం తీసుకుపోదామని పెద్దామె అన్నది. మధ్యవాడు ఏ మాటా చెప్పలేదు. మరునాడు ఈ సంగతి అమ్మ దాకా వెళ్ళింది. ఆమె అన్న మాట ఒక్కటే. "ఇల్లు పడగొట్టేదాకా వెళ్ళారు. గోడకు ఏమైందో ఒక్కరైనా చూశారా?"

గోడకు ఏమైంది?

పక్క ఊళ్ళో ఒక ముసలి తాపీ మేస్త్రి ఉన్నారు. చిన్నతనంలో గానుగ సున్నం మోసిన మనిషి. ఆయన వస్తూనే గదిలోకి రాలేదు. ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగారు. బయట ఆయన చూపించిన తప్పులు మూడు.

మొదటిది రోడ్డు. మా చిన్నతనంలో వీధిలో నుంచి ఇంట్లోకి మూడు మెట్లు ఎక్కేవాళ్ళం. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇప్పుడు మెట్టు ఒక్కటే మిగిలింది. వాన పడితే రోడ్డు నీరంతా గోడ మొదట్లో నిలుస్తుంది. రెండవది డాబా తూము. అది విరిగి ఎన్నాళ్ళయిందో తెలియదు, పైనీరు సరిగ్గా పడక గది గోడ పాదం మీదే పడుతోంది. మూడవది పూలమొక్కల కోసం మేమే గోడకు ఆనించి పోయించిన మట్టి. అది గది నేల కంటే ఎత్తుగా ఉంది.

తర్వాత లోపలికి వచ్చి, ఊడిన రంగు కింద ఉన్న తెల్లపొడిని వేలితో తీసి నాలుక మీద వేసుకున్నారు. "ఉప్పండీ. ఈ గోడ ఒకసారి సముద్రాన్ని తాగింది. పైగా మన నేలే ఉప్పు నేల" అన్నారు.

ఆయన చెప్పినది ఇది. ఇటుక, సున్నం రెండూ నీటిని దీపపు వత్తి నూనెను పీల్చినట్టు పైకి పీలుస్తాయి. పాత ఇళ్ళకు పునాది మీద చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని ఉప్పు ఆ నీటిలో కరిగి పైకి వస్తుంది. గోడ పైభాగంలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలి గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు అది పై పూతను తోసేస్తుంది. సున్నం గోడ అయితే ఆ ఆవిరిని బయటికి పోనిస్తుంది. ఏటా కొంత పొడి రాలుతుంది, మళ్ళీ సున్నం వేస్తాం, సరిపోతుంది. సిమెంటు పూత, ప్లాస్టిక్ పెయింటు ఆ దారి మూసేస్తాయి. దారి లేని చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది.

మీ ఇంట్లో గోడ చెమ్మగా ఉంటే మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. అడుగు చదరపు పాలిథీన్ కాగితాన్ని గోడకు పెట్టి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించండి. రెండు రోజుల తర్వాత చూడండి. కాగితం పైవైపు తడి ఉంటే అది గది గాలిలోని చెమ్మ, అంటే కిటికీలు తెరవాలి. గోడ వైపు తడి ఉంటే అది గోడలో నుంచి వస్తున్నది. మా గదిలో రెండు వైపులా తడి కనబడింది.

ముందు ఆరబెట్టడం

2023 సంక్రాంతి వెళ్ళాక పని మొదలుపెట్టాం. మొదటి పదిహేను రోజులు గదిలో పనే లేదు. మట్టిని గది నేల మట్టానికి బాగా దిగువ దాకా తవ్వి తీశాం. గోడకు దూరంగా చిన్న కాలువ కట్టించి నీటిని వీధి కాలువలోకి మళ్ళించాం. తూముకు గొట్టం బిగించి అదే కాలువలోకి దించాం.

ఆ తర్వాత సిమెంటు పూతను, దాని పైన మరో అడుగున్నర దాకా చెమ్మ తిన్న పూతను చెక్కించాలి. పుట్టీ గీకుతుండగా ఒక చోట పెన్సిలు గీత, పక్కన 77 అంకె బయటపడ్డాయి. పని ఆపించాం. ఆ ముక్కను చెక్కకుండా అలాగే వదిలి, చుట్టూ చట్రం కట్టిద్దామని ముగ్గురం ఒక్కసారే అన్నాం. అమ్మకు తెలియకుండా దాన్ని కప్పేసిన బాధ మా మనసుల్లో ఉంది.

అమ్మ వచ్చి చూసింది. "చెక్కించండి" అన్నది.

మేము బిత్తరపోయాం. ఆమె నెమ్మదిగా చెప్పింది. "ఆ రాత్రి ఈ నేల మీదే నిలబడ్డాను, నీళ్ళు ఇక్కడిదాకా" అని గుండె పైన చెయ్యి పెట్టి చూపింది. "పెద్దదాన్ని చంకనేసుకుని మెట్లెక్కాను. నాకు గీత కావాలా గుర్తు చేయడానికి? మీ నాన్న గీసింది మీకోసం. విత్తనాల మూట, పొలం కాగితాలు, మందులు, బైబిలు ఏ ఎత్తున పెట్టుకోవాలో మీకు తెలియాలని. గీత పైన బల్ల వేయిస్తానంటూనే ఆయన వెళ్ళిపోయారు. నాకు ఆ బల్ల వేయించండి. గోడ మాత్రం పొడిగా ఉండాలి."

నలభై ఏళ్ళకు పైగా ఆ గీతను చూస్తూ పెరిగాం. దాని అర్థం ఆ రోజు తెలిసింది.

చెక్కిన గోడను ఏప్రిల్ నెలాఖరు దాకా ఇటుకలు కనబడేలా అలాగే వదిలేశాం. ఉప్పు పైకి వచ్చినప్పుడల్లా పొడి చీపురుతో దులిపి, ఎత్తి బయట పారేశాం. నీళ్ళతో కడగకూడదని మేస్త్రి గట్టిగా చెప్పారు. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. మూసిన గవాక్షాన్ని తెరిపించి, పిచ్చుకలు రాకుండా ఇనప జాలీ కొట్టించాం.

మే నెలలో సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు కలిపి పూత వేశారు. ఇసుకను కూడా మేస్త్రి నోట్లో వేసుకుని చూశారు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇది ముఖ్యం, ఉప్పిసుక పడితే చేసిన పనంతా వృథా. కృష్ణ ఇసుకే వాడాం. పూత ఒకేసారి మందంగా వేయలేదు. పలుచగా ఒక చేయి వేసి, వారం పది రోజులు తడిపి ఉంచి, తర్వాత రెండవ చేయి వేశారు.

సున్నం కలిపే విధానం

ఈ విద్య చాలా ఇళ్ళలో మరచిపోతున్నారు కనుక రాస్తున్నాం. కిలో రాతి సున్నానికి అయిదు లీటర్ల నీళ్ళు. పాత ఇనప డ్రమ్ములో కలిపి ఒక రోజంతా నాననివ్వాలి. తర్వాత ముతక గుడ్డలో వడకట్టాలి. పది లీటర్ల సున్నపు నీళ్ళకు నలభై గ్రాముల జిగురును వేడినీళ్ళలో కరిగించి కలిపితే బట్టలకు అంటదు. తెలుపు తేటగా కనబడడానికి కాస్త నీలిమందు వేయవచ్చు.

జాగ్రత్త మరువకండి. నీళ్ళు పోయగానే రాతి సున్నం కుతకుత ఉడుకుతుంది, పైకి చిందుతుంది. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. కలిపేవారు కళ్ళద్దాలు, చేతులకు తొడుగులు వేసుకోవాలి. కంట్లో పడితే నలపకుండా చాలాసేపు మంచినీళ్ళతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

గోడను కొంచెం తడిపి, పాలలా పలుచగా ఉన్న సున్నాన్ని కుంచెతో నిలువుగా, ఆ వెంటనే అడ్డంగా వేయాలి. వేసినప్పుడు ఏమీ పట్టినట్టు కనబడదు. ఆరిన తర్వాత తెలుపు బయటికి వస్తుంది. ఒక్కో రోజు విడిచి మూడు చేతులు వేశాం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని మళ్ళీ రాయిగా గట్టిపడుతుంది. బూజు కూడా దాని మీద తొందరగా పట్టదు. అయితే ప్లాస్టిక్ పెయింటు మీద సున్నం నిలవదు. పాత రంగును పూర్తిగా గీకిన తర్వాతే వేయాలి.

తలుపులు, కిటికీలు

టేకు తలుపులకు, కిటికీ రెక్కలకు ఎన్నో పొరల పాత ఆయిలు పెయింటు ఉంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అది ముఖ్యంగా చిన్నపిల్లల మెదడుకు, గర్భిణులకు హాని చేస్తుంది. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని 2016లో నియమం చేశారు. అది 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దకూడదు. మేము మనవలను ఊరికి పంపి, చెక్కను తడిపి గీకించాం. గీకిన పొడిని కోళ్ళు తిరిగే చోట పారేయకుండా సంచిలో మూటకట్టాం.

వడ్రంగి వంగిపోయిన కిటికీ రెక్కలు సరిచేశారు, తలుపు బందులు మార్చారు. గీత ఉండిన చోటుకు జానెడు పైన, గోడ పొడవునా టేకు బల్ల బిగించారు. బీరువాను కిటికీకి అడ్డం తీసి, గోడకు జానెడు ఎడంగా జరిపాం. మంచం పక్కన చేతికి అందేటట్టు లైటు మీట పెట్టించాం. రాత్రి లేచినప్పుడు పట్టుకోవడానికి తలుపు పక్కన ఒక కడ్డీ వేయించాం. ఈ చిన్న పనులన్నీ అమ్మను అడిగి, ఆమె చెప్పిన ఎత్తునే చేయించాం.

తుఫాను వచ్చిన రోజు

జూన్‌లో అమ్మ తన గదిలోకి వచ్చింది. అయ్యగారు వచ్చి చిన్న ప్రార్థన చేశారు. ఆ వానాకాలం అమ్మ దగ్గింది గాని ఆసుపత్రికి వెళ్ళవలసిన అవసరం రాలేదు. డాక్టరుగారి మందులు మానలేదు, ఇప్పటికీ వాడుతూనే ఉంది. గోడ బాగైంది కదా అని మందులు ఆపవద్దని మీకూ చెబుతున్నాం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు రెండు రోజులు ఆగని వాన. మాలో ఒక్కరమూ ఊళ్ళో లేము. ఫోను చేస్తే అమ్మ అన్నది: "కాగితాలు, మందులు బల్ల మీద పెట్టాను. కాలువ పారుతోంది. మీరు అన్నాలు తినండి."

వారం తర్వాత వెళ్ళి చూశాం. గోడ మొదట్లో జానెడు మేర రంగు మారింది. పది రోజులకు అదీ ఆరింది. ఆరాక కొద్దిగా తెల్లపొడి రాలింది. గోడ పూర్తిగా బాగైపోయిందని చెప్పలేం. గోడలో ఉప్పు ఉన్నంత కాలం అది ఏటా కొంత బయటికి వస్తూనే ఉంటుంది. ఏటా దులిపి, ఏటా సున్నం వేయాలి.

ఎనిమిదేళ్ళు తిరిగి చూడనక్కరలేదన్న మాట 2019లో మాకు ఎంతో నచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, గోడతో పాటు అమ్మనూ తిరిగి చూడకుండా ఉండే వీలు వెతుక్కున్నామేమో అనిపిస్తుంది. ఇప్పుడు డిసెంబరు మొదటి శనివారం ముగ్గురం ఊరికి వెళ్తున్నాం. ఇల్లు పడగొట్టాలన్న చిన్నవాడే డ్రమ్ములో సున్నం కలుపుతాడు. పెద్దామె వడకడుతుంది. మంచాలు వాకిట్లోకి వస్తాయి. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ మూల పట్టలేదో చేయి చూపిస్తుంది.

మీ ఇంట్లోనూ గోడ ఊడుతూ ఉంటే, రంగు డబ్బా కొనకముందు రెండు పనులు చేయండి. వానలో ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి నీరు ఎక్కడ నిలుస్తున్నదో చూడండి. ఆ తర్వాత ఆ గదిలో పడుకునేవారి దగ్గర కాసేపు కూర్చుని, వారికి ఏమి కావాలో అడగండి.